చాదస్తం ఎక్కడ ఆగుతుంది, జబ్బు ఎక్కడ మొదలవుతుంది?

తుమ్మెద, కావలి · సోమవారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. నేను బీఏ సైకాలజీ రెండో ఏడాది. అసాధారణ మనోవిజ్ఞానం పేపరు ఈసారే మొదలైంది, మొదటి పాఠంలోనే ఇరుక్కుపోయాను. అసాధారణ ప్రవర్తనను గుర్తుపట్టడానికి పుస్తకం నాలుగు గీటురాళ్లు ఇచ్చింది: పదిమంది నడిచే దారి తప్పడం, మనిషికి బాధ కలగడం, రోజువారీ పనులు సాగకపోవడం, తనకో ఎదుటివారికో ప్రమాదం ఉండటం. పరీక్షలో రాయడానికి బాగానే ఉన్నాయి. ఇంట్లో మనిషికి పెట్టి చూస్తేనే చిక్కు.

మా అవ్వకు 78 ఏళ్లు. తెల్లవారుజామున నాలుగింటికే చన్నీళ్ల స్నానం. మడి చీర దండెం మీద ఆరితే చేత్తో తీయదు, కర్రతో తీస్తుంది. కాలేజీ నుంచి వచ్చిన నేను పొరపాటున ఆ దండేనికి తగిలితే చీర మళ్లీ తడవాల్సిందే. నా స్నేహితురాలు చూసి "మీ అవ్వకు ఓసీడీ" అని నవ్వింది. అంటే ఒకే ఆలోచన, ఒకే పని మనిషిని వదలని రుగ్మత. కానీ మా వీధిలో ఆ వయసు వాళ్లు నలుగురుంటే ముగ్గురు అలాగే ఉంటారు. పదిమంది దారి అని చూస్తే దారి తప్పింది నేనే. ఇప్పుడు అవ్వది చాదస్తమా, జబ్బా? ఎలా చెప్పాలి?

రొయ్యల చెరువు, ముత్తుకూరు · సోమవారం రాత్రి 11.52

అమ్మా, ఆ లెక్కన మా చెరువు గట్ల మీద ఉన్నవాళ్లందరూ రోగులే. నేను రాత్రి గంటకోసారి లేస్తాను. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు ఆగితే నిద్రలోనే తెలిసిపోతుంది. కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య పైకి తేలుతుంది, తెల్లారేసరికి నాలుగు నెలల కష్టం గట్టు మీద కుప్ప. దీన్ని మీ పుస్తకంలో ఏమంటారు?

నైట్ డ్యూటీ, ఒంగోలు · మంగళవారం ఉదయం 7.30

మానసిక వైద్య విభాగంలో నర్సుగా 14 ఏళ్లు చేశాను. రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే చూస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

తుమ్మెద గారూ, ఆ నాలుగు గీటురాళ్లలో ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు. దారి తప్పడమే జబ్బయితే ఊళ్లో మొదటిసారి సైకిలు తొక్కిన ఆడపిల్ల రోగి కావాలి. బాధే జబ్బయితే భర్త పోయిన నెలలో ఏడ్చే ప్రతి స్త్రీ రోగి కావాలి. ఇక ప్రమాదం సంగతి. సినిమాలు దాన్నే చూపిస్తాయి గానీ మా వార్డుకు వచ్చేవారిలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. వాళ్లకే ఎవరైనా హాని చేయకుండా చూసుకోవడం మా పని.

మీ అవ్వ చీర మళ్లీ తడిపాక హాయిగా ఉంటుంది కదా? విసుక్కున్నా, పని అయిపోయాక మనసు కుదుటపడుతుంది. ఆమె నమ్మకానికీ ఆమె చేతకూ మధ్య తగువు లేదు. ఓసీడీలో ఆ తగువే అసలు బాధ. చాలామందికి తాము చేస్తున్నది అర్థం లేనిదని తెలుసు, అయినా ఆపలేరు. ఒకామె అన్నం వండటానికి బియ్యం కడిగేది. ఏడుసార్లు కడగాలని ఆమెకు ఆమే పెట్టుకున్న లెక్క. అయిదో సారికి పక్కింటివాళ్లు పిలిచారా, లెక్క పోయింది, మళ్లీ ఒకటి నుంచి. బియ్యం నాని విరిగిపోయేవి. పిల్లలు క్యారేజీ లేకుండా బడికి వెళ్లేవారు. "ఇది పిచ్చి పని అని నాకు తెలుసు సిస్టర్, నా చేతులకు తెలియడం లేదు" అని ఆమె నాతో అంది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉండేది. రోజుకు గంటకు మించి ఇలా పోతే, లేదా బతుకు సాగకపోతే, అప్పుడు దాన్ని రుగ్మత అంటారు.

రొయ్యల చెరువు గారూ, మీ ఆందోళనకు ఎదురుగా చెరువు ఉంది. అది జబ్బు కాదు, కాపలా. నాదొక్కటే ప్రశ్న. రొయ్యల పట్టుబడి అయిపోయి చెరువు ఎండగట్టిన నెలలో మీకు నిద్ర పడుతుందా?

రొయ్యల చెరువు, ముత్తుకూరు · మంగళవారం ఉదయం 8.05

మేత వేయాలి. తర్వాత వస్తాను.

పాత సుద్దముక్క, కందుకూరు · మంగళవారం మధ్యాహ్నం 2.15

ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన వాడిని, నాకు వచ్చింది మాటల లెక్కే. చాదస్తం అనేది ఛాందసం నుంచి వచ్చింది. వేదం చదువుకున్నవాడి పట్టుదల ఇంటి వాకిలి దాటేసరికి ఎగతాళి అయింది. బెంగ, దిగులు, పరధ్యానం, గాలి సోకడం, మతి చలించడం... మనకు ఇన్ని మాటలున్నాయి. తమాషా ఏమిటంటే బెంగ పెట్టుకున్నవాడిని మనం ఓదారుస్తాం, గాలి సోకినవాడికి తాయెత్తు కడతాం, పిచ్చివాడిని తరుముతాం. జబ్బు ఒకటే అయినా పెట్టిన పేరును బట్టి మన్నన మారిపోతుంది.

ఇంకో సంగతి. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి" అన్నాడట వెనకటికొకడు. పిల్లలకు ఈ సామెత చెప్పి నవ్వించేవాడిని. ఈమధ్య ఒక డాక్టరుగారితో మాట్లాడుతుంటే, తన జబ్బు తనకు తెలియకపోవడాన్ని వాళ్లు విడిగా పరీక్షించి రాసుకుంటారని చెప్పారు. సామెత చెప్పింది అచ్చంగా అదే కదా. నర్సమ్మ గారు చెప్పిన బియ్యం కడిగే ఆవిడకు తెలుసు. రోకలి చుట్టమన్నవాడికి తెలియదు. రెండూ వేర్వేరు జాతులు.

చరకుడు ఉన్మాదానికి చెప్పిన లక్షణం కూడా చూడండి: మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానం, స్మృతి, భక్తి, శీలం, చేష్ట, ఆచారం, ఈ ఎనిమిదీ గాడి తప్పడం. అయిదు రకాలన్నాడు. వాత, పిత్త, కఫాల వల్ల మూడు, మూడూ కలిసి నాలుగోది, బయటి నుంచి వచ్చేది అయిదోది. భూతప్రేతాలను ఆ అయిదో గూట్లో పెట్టాడు. మొదటి నాలుగూ ఒంటి లోపలివే. మన వాళ్లు నాలుగింటినీ మరిచి అయిదోదాన్నే పట్టుకున్నారు.

దుర్గం నీడ, ఉదయగిరి · మంగళవారం రాత్రి 8.40

మాస్టారూ, మీరు చరకుణ్ని తెచ్చి అమెరికా పుస్తకానికి వత్తాసు పలుకుతున్నారు. ఒక్క మాట అడుగుతాను. 1851లో కార్ట్‌రైట్ అనే అమెరికా డాక్టరు, పారిపోయే నల్లజాతి బానిసలకు డ్రాపెటోమేనియా అనే జబ్బు ఉందని రాశాడు. స్వేచ్ఛ కోరడం జబ్బట! స్వలింగ ఆకర్షణ 1973 వరకూ అక్కడి మానసిక వైద్యుల సంఘం జాబితాలో రుగ్మత. ఆ ఏడాది తీసేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసేసరికి 1990 అయింది. రాత్రికి రాత్రి లక్షల మందికి జబ్బు నయమైపోయిందా? టీబీని ఎవరైనా సమావేశం పెట్టి జాబితాలోంచి తీయగలరా? ఆ సంఘం రుగ్మతల జాబితా పేరు డీఎస్ఎం; 1952లో వచ్చిన మొదటిది పల్చటి పుస్తకం, 2013 నాటి అయిదోది దిండంత లావు. మనుషులకు అంత పిచ్చి పెరిగిందా, మందుల అమ్మకాలు పెరిగాయా?

తుమ్మెద, కావలి · మంగళవారం రాత్రి 9.25

దుర్గం నీడ గారూ, మీ వైపు మాట్లాడే ప్రయోగం ఒకటి మా పాఠంలోనే ఉంది. రోజెన్‌హాన్ అనే ఆయన 1973లో ప్రచురించాడు. ఏ జబ్బూ లేని ఎనిమిది మంది, 12 ఆసుపత్రులకు వెళ్లి తమకు ఒక గొంతు వినిపిస్తోందని, అది 'ఖాళీ', 'డొల్ల', 'ధబ్' అంటోందని చెప్పారట. అందరినీ చేర్చుకున్నారు. లోపలికి వెళ్లాక మామూలుగానే ఉన్నా ఎవరూ పట్టుకోలేకపోయారు. సగటున 19 రోజులు ఉంచారని రాశాడు. కానీ ఆ ప్రయోగంలోని వివరాలు చాలావరకు నిలబడవని ఈమధ్య తవ్వి తీశారు. దాంతో నాకు రెండు వైపులా అనుమానమే మిగిలింది.

నైట్ డ్యూటీ, ఒంగోలు · బుధవారం ఉదయం 7.50

దుర్గం నీడ గారి కోపంలో న్యాయం ఉంది. జాబితాలు మనుషులు రాసినవే, కాలపు పక్షపాతాలు వాటిలోకి వచ్చాయి. టీబీకి కళ్లె పరీక్ష ఉంది, ఉద్రేకం, కుంగుబాటు మారి మారి వచ్చే బైపోలార్‌కు రక్తపరీక్ష లేదు. మాటలు విని, ఇంట్లోవాళ్లను అడిగి, ఎన్నాళ్లుగా ఉందో లెక్కేసి తేల్చాలి. అందుకే గడువులు పెట్టారు. డీఎస్ఎం ప్రకారం కుంగుబాటు అనాలంటే తొమ్మిది లక్షణాల్లో అయిదు, కనీసం రెండు వారాలు ఉండాలి. ఆ అయిదింటిలో దిగులో, దేని మీదా ఆసక్తి లేకపోవడమో ఒకటి తప్పనిసరి. లేని గొంతులు వినిపించి, నమ్మకాలు గాడి తప్పే స్కిజోఫ్రెనియా అనాలంటే ఆరు నెలలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా ఐసీడీలో అది ఒక నెలే. ఒకే మనిషికి రెండు పుస్తకాల్లో రెండు పేర్లు రావచ్చు. గీతలు మనం గీసినవే, ఒప్పుకుంటాను. గీత కింద ఉన్న బాధ మాత్రం ఎవరూ గీసింది కాదు. ఇంతకు మించి వాదించడం నాకు రాదు.

అక్క, దర్శి · బుధవారం మధ్యాహ్నం 12.30

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ ఇప్పుడు రాస్తున్నాను.

మా తమ్ముడికి 19 ఏళ్లప్పుడు మొదలైంది. హాస్టల్ నుంచి సంక్రాంతికి వచ్చి తిరిగి వెళ్లనన్నాడు. మొదట పరీక్ష తప్పాడేమో అనుకున్నాం. స్నానం మానేశాడు. అన్నం కంచం ముందు పెట్టుకుని అరగంట చూస్తూ కూర్చునేవాడు. పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ వెనక సెల్ టవర్ ఉంది. అందులోంచి తన గురించి మాట్లాడుకుంటున్నారని, తను చెయ్యి ఎత్తితే "ఇప్పుడు చెయ్యి ఎత్తాడు" అంటారని చెప్పాడు. చెవుల్లో దూది పెట్టుకునేవాడు. బ్యారన్ మండుతున్న రాత్రుల్లో నాన్న వేడి చూసుకోవడానికి లేస్తే, వీడు గోడకు ఆనుకుని ఎవరికో జవాబు చెబుతూ కనిపించేవాడు.

మేము చేయనిది లేదు. తాయెత్తులు, నిమ్మకాయలు, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ. చేతబడి తీస్తానన్న ఒకాయన వేపమండలతో కొట్టాడు. పేరు చెప్పను, ఒక చోట 41 రోజులు ఉంచమన్నారు. అక్కడ రాత్రిపూట కాలికి గొలుసు వేశారు. చీలమండ మీద మచ్చ ఇప్పటికీ ఉంది, పంచె కడితే కనిపిస్తుందని వాడు ప్యాంటే వేసుకుంటాడు. తర్వాత పెద్దవాళ్లు పెళ్లి చేస్తే కుదురుతుందన్నారు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అనే సామెత మాస్టారికి తెలిసే ఉంటుంది, మా ఇంట్లో అది సామెత కాదు, అక్షరాలా జరిగిన చర్చ. అమ్మాయిని చూడటానికి వెళ్లాల్సిన రోజు అమ్మ తలుపు గడియ పెట్టి అడ్డం కూర్చుంది. "ఇంకో ఇంటి పిల్లను నేను ముంచను" అంది. అమ్మ చదువుకోలేదు.

ఆసుపత్రికి వెళ్లేసరికి రెండేళ్లు పోయాయి. మందులతో ఆరు వారాల్లో నిద్ర వచ్చింది, మూడు నెలలకు టవర్ మాటలు తగ్గాయి. బాగయ్యాడని మేమే మాత్రలు మానిపించాం. అది మా తప్పు. ఏడాది తిరగకుండా మళ్లీ. ఇప్పుడు నెలకో ఇంజెక్షన్. వాడికి 31 ఏళ్లు. గేదెలు చూసుకుంటాడు, పొగాకు వేలం రోజు బేళ్ల లెక్క రాస్తాడు. గొంతులు పూర్తిగా పోలేదు. "ఉన్నాయిలే అక్కా, పక్క వీధిలో రేడియోలాగా" అంటాడు.

దుర్గం నీడ గారూ, మీరు చెప్పిన బానిసల కథ నాకు తెలియదు. మా వాడికి స్కిజోఫ్రెనియా అని పేరు పెట్టిన రోజు నేను ఏడ్చాను, నిజమే. కానీ పేరు లేని ఆ రెండేళ్లలో ఏడ్చినంత కాదు.

పాత సుద్దముక్క, కందుకూరు · బుధవారం మధ్యాహ్నం 1.05

తల్లీ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు.

నైట్ డ్యూటీ, ఒంగోలు · గురువారం ఉదయం 8.10

అక్క గారి పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. తుమ్మెద గారి కోసం రెండు మాటలు విడదీస్తాను, ఆ పోస్టులోనే రెండూ ఉన్నాయి. లేని గొంతు చెవికి వినిపించడం భ్రాంతి. టవర్‌లో తన మీద నిఘా పెట్టారని నమ్మడం, ఎన్ని రుజువులు చూపినా ఆ నమ్మకం చెక్కుచెదరకపోవడం భ్రమ. మొదటిది ఇంద్రియానికి సంబంధించింది, రెండోది నమ్మకానికి. తనను మూడో మనిషిగా పెట్టి గొంతులు వ్యాఖ్యానం చేయడం స్కిజోఫ్రెనియాలో తరచుగా కనిపిస్తుంది. ఆ పేరు పెట్టింది స్విట్జర్లాండ్ వైద్యుడు బ్లాయిలర్, 1908లో. చీలిన మనసు అని అర్థం తీసి సినిమావాళ్లు ఒకే మనిషిలో ఇద్దరు మనుషులను చూపిస్తారు. అది వేరే రుగ్మత. ఇక్కడ చీలేది ఆలోచనకూ భావానికీ మధ్య అతుకు.

మందుల చరిత్ర కూడా చిత్రమే. మత్తు ఇచ్చే పనిలో వాడిన క్లోర్‌ప్రోమజైన్‌ను 1952లో పారిస్‌లో డెలే, డెనికర్ అనే ఇద్దరు వైద్యులు మానసిక రోగులకు ఇచ్చి చూశారు. ఏళ్ల తరబడి వార్డుల్లో ఉన్నవారు ఇళ్లకు వెళ్లే కాలం అక్కడ మొదలైంది. మాస్టారికి నచ్చే సంగతి ఇంకోటి: అంతకు 21 ఏళ్ల ముందే, 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాలీ వైద్యులు సర్పగంధ వేరు ఉన్మాదానికీ రక్తపోటుకూ పనిచేస్తుందని పత్రికలో రాశారు. తర్వాత దుష్ప్రభావాల వల్ల మానసిక వైద్యంలో దాన్ని వదిలేశారు.

గొలుసు సంగతి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర నడిపే ఒక ఆశ్రయంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉండటంతో 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ ప్రకారం మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టేయకూడదు. 2018 మే 29 నుంచి ఆ చట్టం అమల్లో ఉంది. మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయడాన్నీ అదే సెక్షన్ నిషేధించింది.

దేవుడి దగ్గరకు వెళ్లొద్దని నేను ఎవరికీ చెప్పను. ఏఎస్ పేట దర్గాకు వెళ్లండి, గొలగమూడి వెంకయ్య స్వామి దగ్గర నిద్ర చేయండి. అక్కడ మనిషికి పదిమంది తోడు దొరుకుతారు, అది చిన్న సంగతి కాదు. సంచిలో మాత్రలు పెట్టుకుని వెళ్లండి, అంతే.

దుర్గం నీడ, ఉదయగిరి · గురువారం సాయంత్రం 6.20

అక్క గారూ, నేను రాసింది మీ ఇంటిని ఉద్దేశించి కాదు. జాబితాల మీద నా అనుమానం నాకు ఉంది, అది వేరు.

ఇప్పుడు వెక్కిరింపు కాదు, నిజంగానే అడుగుతున్నాను. మా ఊళ్లో పోలేరమ్మ కొలుపుకు మా పెద్దమ్మకు పూనకం వస్తుంది. పంబ వాద్యం మొదలవగానే కళ్లు మారతాయి. మామూలుగా గొంతెత్తని మనిషి, సర్పంచిని పేరు పెట్టి నిలదీస్తుంది. తెల్లారి ఏమీ గుర్తుండదు. గొంతు ఆమెది కాదు, మాట ఆమెది కాదు. ఇది మీ లెక్కలో భ్రాంతా, భ్రమా?

నైట్ డ్యూటీ, ఒంగోలు · శుక్రవారం ఉదయం 7.40

రెండూ కాదండీ. మనసు కాసేపు తన పగ్గాలు వదిలేసే స్థితి అది. ఐసీడీ పదకొండో కూర్పులో పూనకం లాంటి ఆవేశ స్థితిని రుగ్మతల్లో చేర్చారు గానీ షరతులు పెట్టారు. అది మనిషి కోరకుండా రావాలి, ఆ సమాజం ఒప్పుకున్న ఆచారంలో భాగం కాకుండా ఉండాలి, బాధో నష్టమో కలిగించాలి. మీ పెద్దమ్మగారికి పంబ ఆగగానే పూనకం దిగుతుంది, మర్నాడు ఆమే అందరికీ వడ్డిస్తుంది కదా. కొత్త కోడలికి పంబ లేకుండా, జాతర లేకుండా, అత్తింట్లో వారానికి మూడుసార్లు వస్తుంటే మాత్రం, ఆ ఇంట్లో ఆమె నోరు తెరిచి చెప్పలేనిది ఏముందో ముందు అడగాలి.

దుర్గం నీడ, ఉదయగిరి · శుక్రవారం ఉదయం 9.15

మా పెద్దమ్మ సర్పంచిని తిట్టే మాటలు మామూలు రోజుల్లో మేమెవరం అనలేము, నిజమే.

తాటిముంజ, సింగరాయకొండ · శుక్రవారం రాత్రి 10.30

మా బాబాయి కథ ఒకటి. ఇరవై ఏళ్లుగా రోజూ తాగే మనిషి, అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేశాడు. మూడో రోజు రాత్రి గోడ మీద జెర్రులు పాకుతున్నాయని దులుపుతున్నాడు, చేతులు వణుకు, ఒళ్లు చెమట, మమ్మల్ని గుర్తుపట్టలేదు. స్వామి ఆగ్రహం అన్నారు కొందరు. గురుస్వామి మాత్రం కారు తెప్పించి ఆసుపత్రికి పంపాడు. వారంలో మామూలయ్యాడు. ఇది కూడా మానసిక జబ్బేనా?

నైట్ డ్యూటీ, ఒంగోలు · శనివారం ఉదయం 7.25

ఆ గురుస్వామి ప్రాణం కాపాడారు. అది డెలీరియం, మెదడుకు వచ్చిన అత్యవసర స్థితి. రోజూ బాగా తాగేవారు హఠాత్తుగా మానితే రెండు నుంచి నాలుగు రోజుల్లో రావచ్చు, వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఎక్కడున్నాడో, ఎవరితో ఉన్నాడో తెలియకపోవడం, గంటకో తీరుగా మారడం దాని గుర్తు. అక్క గారి తమ్ముడికి టవర్ మాట్లాడింది గానీ, అక్క అక్కే అని తెలుసు. అందుకే కొత్తగా మతి తప్పిన ఎవరినైనా మొదట ఒంటి జబ్బు కోసం చూస్తాం. జ్వరం, చక్కెర, సోడియం, థైరాయిడ్, తల దెబ్బ. పెద్దవయసు వారిలో మరీను. మాల వేసుకునేవారు తాగుడు మానడం మంచిదే, డాక్టరును అడిగి మానండి.

తుమ్మెద, కావలి · శనివారం మధ్యాహ్నం 3.00

ఇంత వచ్చాక కారణాల గురించి అడగకుండా ఉండలేను. పాఠంలో జన్యువులు ఒక పేజీ, పెంపకం ఒక పేజీ, సమాజం ఒక పేజీ. ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి స్కిజోఫ్రెనియా వస్తే రెండోవారికి వచ్చే అవకాశం సుమారు సగం అని ఉంది. జన్యువులే కారణమైతే పూర్తిగా రావాలి, కాకపోతే అసలు రాకూడదు. సగం ఏమిటి?

రొయ్యల చెరువు, ముత్తుకూరు · శనివారం రాత్రి 11.40

ఇది నేను చెబుతానమ్మా. తెల్లమచ్చల వైరస్ అని మాకు ఒక శని ఉంది. వైరస్ ఒంట్లో పెట్టుకుని కూడా రొయ్య మామూలుగా తిరుగుతుంది, మేత తింటుంది. ముసురు పట్టి నీళ్లు చల్లబడ్డాయా, ఉప్పు శాతం పడిపోయిందా, ఆక్సిజన్ తగ్గిందా, అప్పుడు విరుచుకుపడుతుంది. పక్క చెరువులో అదే పిల్ల, అదే మేత, వాడి నీళ్లు నిలకడగా ఉన్నాయి కాబట్టి బయటపడతాడు. విత్తనం ఒక్కటే చాలదు, వాన ఒక్కటే చాలదు. మీ సగం అదే అనుకుంటా.

తుమ్మెద, కావలి · శనివారం రాత్రి 11.58

అంకుల్, మా పుస్తకం నాలుగు పేజీలు తీసుకుంది దీనికి! లోపల ఉన్న బలహీనత, బయటి నుంచి పడే ఒత్తిడి, రెండూ కలిస్తేనే రుగ్మత అంటుంది.

నైట్ డ్యూటీ, ఒంగోలు · ఆదివారం ఉదయం 8.30

పోలిక బాగుంది. మనిషిలో వైరస్ లాంటిది ఒక్కటి ఉండదు, చిన్న చిన్న జన్యుప్రభావాలు వందల్లో ఉంటాయి. పెంపకం వల్లే వచ్చిందని తల్లులను తిట్టే అలవాటు ఒకప్పుడు డాక్టర్లలోనే ఉండేది. అది తప్పని తేలి చాలా కాలమైంది. అక్క గారూ, మీ అమ్మగారు ఎప్పుడైనా ఆ మాట అనుకుంటుంటే ఇది చదివి వినిపించండి.

రొయ్యల చెరువు గారూ, నా ప్రశ్నకు మీరింకా జవాబు చెప్పలేదు.

రొయ్యల చెరువు, ముత్తుకూరు · సోమవారం తెల్లవారుజామున 2.35

చెప్పకుండా తప్పించుకున్నాను. మార్చిలో పట్టుబడి అయింది. కౌంటు బాగానే వచ్చింది, అప్పు కొంత తీరింది. చెరువు ఎండగట్టాం. ఏరేటర్లు షెడ్డులో ఉన్నాయి. నేను రెండింటికి లేస్తూనే ఉన్నాను. చప్పుడు లేకపోవడమే చప్పుడులా ఉంటుంది. గుండె దడదడ కొట్టుకుంటుంది, చేతులు చల్లబడతాయి, పోతున్నాననిపిస్తుంది. పది పదిహేను నిమిషాలకు తగ్గుతుంది. రెండుసార్లు గుండె అనుకుని పరుగెత్తాను, ఈసీజీ బాగుందన్నారు. బాగుంటే ఈ దడ ఎందుకో ఎవరూ చెప్పలేదు. మా ఇంటావిడకు గ్యాస్ అని చెప్పాను. మళ్లీ పిల్ల వేశాం కాబట్టి ఇప్పుడు లేవడానికి సాకు ఉంది.

నైట్ డ్యూటీ, ఒంగోలు · సోమవారం తెల్లవారుజామున 2.50

డ్యూటీలోనే ఉన్నాను. ఇలా హఠాత్తుగా వచ్చి కొన్ని నిమిషాల్లో తారస్థాయికి వెళ్లి తగ్గిపోయేదాన్ని పానిక్ అటాక్ అంటారు. అదేనని ఇక్కడ కూర్చుని తేల్చలేను, థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే ఉంటుంది. నెల్లూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీకి వెళ్లండి. ఎవరైనా చూస్తారని మొహమాటమైతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఇప్పుడైనా చేయవచ్చు. రాత్రిపూట చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా? సూటిగా అడుగుతున్నానని ఏమీ అనుకోకండి.

రొయ్యల చెరువు, ముత్తుకూరు · సోమవారం తెల్లవారుజామున 3.02

అవి లేవమ్మా. చస్తానేమోననే భయమే.

నిర్వాహకుడు · సోమవారం ఉదయం 9.00

సభ్యులకు మనవి: ఎవరూ మాత్రల పేర్లు, మోతాదులు ఇక్కడ రాయవద్దు. నిన్న ఒక పోస్టు అందుకే తీసేశాను. చర్చ కొనసాగించండి.

లెక్కల పిచ్చి, కనిగిరి · సోమవారం సాయంత్రం 5.45

ఇది ఎంతమందికి ఉంటుందని ఎవరూ అడగలేదు కాబట్టి నేను రాస్తున్నాను. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ సర్వేలో, 18 ఏళ్లు దాటినవారిలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, మన ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. మన జిల్లాల అంకె ఎంత అని నన్ను అడగకండి.

పాత సుద్దముక్క, కందుకూరు · సోమవారం రాత్రి 8.20

పది మందిలో ఒకరికి పైనే అన్నమాట. ముప్పై ఏళ్లు తరగతికి యాభై మంది చొప్పున చూశాను. వెనక బెంచీలో గోడకు ఆనుకుని కూర్చునేవాడిని బద్ధకస్తుడని ఎన్నిసార్లు నిలబెట్టానో. "మనోవ్యాధికి మందు లేదు" అనే సామెతను కూడా నేనే రాయించేవాడిని, నల్లబల్ల మీద.

తుమ్మెద, కావలి · గురువారం సాయంత్రం 6.10

అవ్వను అడిగాను, మడి చీర ఎవరైనా తాకితే నీకు భయమా అని. "భయమెందుకే, మళ్లీ తడిపితే పోయె" అంది. జ్వరం వచ్చిన వారం మడి కట్టుకుందా అని అడిగితే, "జ్వరంలో మడేమిటి, దేవుడికి తెలియదా" అంది. నర్సు గారూ, నా జవాబు దొరికింది. అంకుల్ వెళ్లారా?

రొయ్యల చెరువు, ముత్తుకూరు · గురువారం రాత్రి 9.35

వెళ్లాను. ఇంటావిడ కూడా వచ్చింది, గ్యాస్ కాదని తనకు ముందే తెలుసట. డాక్టరమ్మ అరగంట మాట్లాడింది. థైరాయిడ్‌కు రక్తం తీసుకున్నారు. రాత్రి మాత్ర ఒకటి రాసింది, అది వేసుకుంటే ఏరేటర్లు ఆగినా మెలకువ రాదేమోనని నాకు భయం. అడగడం మరిచిపోయాను.

నైట్ డ్యూటీ, ఒంగోలు · శుక్రవారం ఉదయం 7.45

అది తప్పకుండా అడగాల్సిన ప్రశ్నే. రాత్రి కాపలా పని అని చెప్పండి, వేళ మార్చడమో మందు మార్చడమో ఆవిడ చూస్తారు. మీకు మీరే మానేయకండి. ఈలోపు రాత్రికి గట్టు మీద ఇంకో మనిషి దొరుకుతాడా?

రొయ్యల చెరువు, ముత్తుకూరు · శుక్రవారం ఉదయం 8.20

బావమరిది వస్తానన్నాడు. రిపోర్టు సోమవారం ఇస్తారట, ఆ రోజే మేత లారీ కూడా ఉంది.

నైట్ డ్యూటీ, ఒంగోలు · శుక్రవారం ఉదయం 8.22

మేత బావమరిది దింపించుకుంటాడు. మీరు రిపోర్టుకు వెళ్లండి.